పలకరింపు తీరును పిల్లలకే వదిలేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య కొన్ని బడుల్లో తరగతి గది గుమ్మం పక్కన ఒక బొమ్మల పట్టిక అంటిస్తున్నారు. నమస్కారం, కరచాలనం, హై ఫైవ్, పిడికిలికి పిడికిలి తాకించడం, ఆలింగనం అందులో ఉంటాయి. లోపలికి వచ్చే పిల్లలు తమకు నచ్చిన బొమ్మ మీద వేలు పెడితే, ఉపాధ్యాయులు ఆ పద్ధతిలోనే వారిని పలకరిస్తారు. ఇది పరాయి పోకడ అనీ, గురువుకు చేతులు జోడించడమే మన సంస్కారమనీ కొందరు తల్లిదండ్రులు, మా తరం ఉపాధ్యాయులు కొందరు నొచ్చుకుంటున్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో చాలాకాలం ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పినదానిగా నేను ఈ పట్టికను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. దాన్ని వాడుతున్న తీరు మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరాలున్నాయి.

ముందుగా సంస్కారం సంగతి. మా తెలంగాణ పల్లెల్లో దొర ఎదురుపడితే చెప్పులు విడిచి, వంగి, "నీ బాంచెన్ కాల్మొక్త" అనడం కూడా ఒకనాడు పలకరింపే. పాతది కాబట్టి అది మంచిదని ఇవాళ ఎవరూ అనరు. నమస్కారం నాకెంతో ఇష్టం, కొత్తవారికి ఇప్పటికీ నేను చేసేది అదే. కానీ ఎదుటివారిని తాకకుండా మర్యాద చూపే వీలు అందులో ఉంది కనుక, కొందరిని ఎన్నటికీ తాకకుండా ఉండిపోవడానికి కూడా అది పనికివచ్చిందన్న నిజాన్ని దాచలేము. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిన ఎన్నో ఏళ్ల తర్వాత, ఊరి చివరి వాడ నుంచి వచ్చే ఒక పాప నా తరగతిలో చదివేది. లెక్క సరిగ్గా చేసిందని మెచ్చుకుంటూ నేను చెయ్యి చాస్తే, తన అరచేతిని గౌనుకు తుడుచుకుంది, తిప్పి చూసుకుంది, మళ్లీ తుడుచుకుంది, ఆ తర్వాతే వేళ్ల కొనలు మాత్రం నా చేతిలో పెట్టింది. ఆ చేతికి మురికేమీ లేదు. ఎవరిని తాకవచ్చో, ఎవరిని తాకకూడదో అంత చిన్న వయసులోనే ఆ బిడ్డకు ఊరు నేర్పేసింది. అలాంటి పిల్లలకు టీచరు చెయ్యి అందడం ఎంత పెద్ద విషయమో దగ్గరుండి చూసినవారికే తెలుస్తుంది.

అలాగని ప్రతి బిడ్డా చెయ్యి కలపాల్సిందేనని పట్టుబట్టడం అంతే తప్పు. అరచేతులు ఎప్పుడూ చెమట పడుతుంటాయని సిగ్గుపడే పిల్లలుంటారు, గజ్జి వచ్చి చేతులు వెనక దాచుకునేవారుంటారు, ఆటిజం ఉండి పరాయి స్పర్శను భరించలేనివారుంటారు. పై తరగతులకు వచ్చిన ఆడపిల్లల ఇబ్బంది వేరుగా చెప్పనక్కర్లేదు. విద్యార్థులు ఉపాధ్యాయులతో చెయ్యి కలపడం ఆనవాయితీగా ఉన్న స్విట్జర్లాండులో, 2016లో ఇద్దరు ముస్లిం అన్నదమ్ములు మత విశ్వాసం కారణంగా ఉపాధ్యాయినులతో కరచాలనానికి ఒప్పుకోలేదు. బడి వారికి మినహాయింపు ఇచ్చినా, అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చి, చెయ్యి ఇవ్వకపోతే 5,000 ఫ్రాంకుల వరకు జరిమానా పడవచ్చని తేల్చింది. డెన్మార్క్ 2018లో ఏకంగా పౌరసత్వ ప్రదాన కార్యక్రమంలో కరచాలనం తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చుకుంది. ఉపాధ్యాయిని ఆడమనిషి అయినంత మాత్రాన ఆమెకు గౌరవం తగ్గకూడదన్న స్విస్ అధికారుల ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ జరిమానా భయంతో అందించిన చేతిలో గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? అదే 2018లో స్వీడన్ కార్మిక న్యాయస్థానం, ఉద్యోగ ఇంటర్వ్యూలో చెయ్యి కలపకుండా గుండె మీద చెయ్యి ఉంచుకుని పలకరించిన ఒక మహిళకు 40,000 క్రోనార్ల పరిహారం ఇప్పించింది. నాకు ఈ తీర్పే సబబుగా తోస్తుంది.

మన కార్యాలయాల్లో కూడా పై అధికారి చెయ్యి చాస్తే కింది ఉద్యోగిని ఇష్టం లేకపోయినా అందించక తప్పని స్థితి ఉంది. ఎవరికి అధికారం ఎక్కువో వారే ఒక్క క్షణం ఆగి, ఎదుటివారు ఏ తీరున పలకరిస్తారో చూసి నడుచుకోవాలి. తరగతి గదిలో ఆ అధికారం మాదే. "ఏంట్రా, నాకు హగ్ ఇవ్వవా?" అని టీచరు నవ్వుతూ అడిగినా, ఆరేళ్ల పిల్లవాడికి అది ఆజ్ఞే. పోక్సో చట్టం వచ్చినప్పటి నుంచి మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి పిల్లలకు పాఠాలు చెబుతున్నాం, ఇష్టం లేకపోతే వద్దని గట్టిగా చెప్పమంటున్నాం. గుమ్మం దగ్గరి పట్టిక ఆ పాఠానికి రోజువారీ అభ్యాసం కావాలంటే, అక్కడ బిడ్డ చెప్పిన "వద్దు"ను మొదట మేము మన్నించాలి.

అందువల్ల పట్టికలో దూరం నుంచే చెయ్యి ఊపే బొమ్మ, ఊరికే నవ్వే బొమ్మ కూడా తప్పక ఉండాలి. పై తరగతుల గదుల్లో ఆలింగనం బొమ్మను తీసివేయాలి. పిల్లలు వేలు పెట్టకముందే ఉపాధ్యాయులు చేతులు చాచకూడదు. అన్నిటికన్నా ముందు, గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని వీడియోలు తీయడం మానాలి. కౌగిలించుకున్న పిల్లలు, ఎగిరి హై ఫైవ్ కొట్టిన పిల్లలు ఆ వీడియోల్లో పడతారు. నమస్కారం పెట్టి నెమ్మదిగా లోపలికి వెళ్లిన బిడ్డను కత్తిరించేస్తారు. ఏ బొమ్మ మీద వేలు పెడితే టీచరు ఎక్కువ మెచ్చుకుంటారో పిల్లలకు వారం తిరగకుండానే తెలిసిపోతుంది, ఆ తర్వాత వారు ఎంచుకునేది తమ ఇష్టాన్ని కాదు. ఈ విషయంపై విద్యాశాఖ అధికారులు పాఠశాలలకు స్పష్టమైన ఉత్తర్వులు ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, జనగామ