కరువు లెక్కల్లో మేతకు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం జిల్లా వర్షాభావంపై వచ్చే వార్తలు ఎక్కువగా వేరుశనగ దిగుబడి దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ పంటతో పాటే పోయే మేత గురించి, ఆపైన రెండు మూడు నెలలకే సంతకు చేరే పశువుల గురించి కూడా చర్చ జరగాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు దాటేసరికి నైరుతి రుతుపవనాలు బలహీనపడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలూ ఇంత లోపలికి అంతంతమాత్రంగానే వస్తాయి. ఆ కొద్దిపాటి వానైనా పైరుకు అవసరమైన వేళ పడదు. జూన్, జూలై పదునుకు విత్తిన వేరుశనగకు, ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగే ఆగస్టులో మూడు నాలుగు వారాలు చినుకు లేకపోతే, ఎర్రనేల గట్టిపడి ఊడ భూమిలోకి దిగదు. అక్టోబరులో నాలుగు భారీ వర్షాలు కురిసి లెక్క సాధారణ వర్షపాతానికి దగ్గరైనా పోయిన కాయ తిరిగి రాదు. పైగా పీకి ఆరబెట్టిన కట్టె (ఎండిన వేరుశనగ మొక్కలు) తడిసి, బూజు పట్టి, పశువు మూతి పెట్టనిదవుతుంది.

మాకు వేరుశనగలో కాయ మనిషికి, కట్టె పశువుకు. జొన్న, కొర్ర, సజ్జ తగ్గి నేలంతా ఈ ఒక్క పంటకే మారినప్పటి నుంచి చొప్ప కూడా కరువైంది. పైరు ఎండిన ఏడు మేత వాములు వేసే వామిదొడ్డి ఖాళీయే. గొర్రెల కాపరులు మందలను తోలుకుని ఆయకట్టు ప్రాంతాలకు వెళ్లగలరు, కానీ కాడెద్దులను, పాడి ఆవును అలా తోలుకుపోలేం. ఊరంతా ఒకేసారి అమ్మకానికి తెస్తే ధర పడిపోతుంది. అలాంటి ఒక కరువులో అమ్మిన మా ఎద్దుల స్థానంలో మళ్లీ జత కట్టలేకపోయాం; ఇప్పుడు సేద్యం బాడుగ ట్రాక్టరుతోనే, పెంట ఎరువు కూడా కొనవలసిందే.

2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ మాన్యువల్ ప్రకారం వర్షపాతం, సాగు విస్తీర్ణం, పైరు పచ్చదనం, నేల తేమ, జలవనరులు పరిశీలించి, ఖరీఫ్ కరువును అక్టోబరు 30 లోగా ప్రకటించాలి. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే పెట్టుబడి రాయితీ ఉంది. విపత్తులో చనిపోయిన పశువుకూ పరిహారం ఉంది. మేత లేక తెగనమ్ముకున్న పశువుకు మాత్రం ఏ పరిహారమూ లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

కనుక ఆగస్టులో వాన ముఖం చాటేసిన మండలాల్లో, కరువు ప్రకటన కోసం ఆగకుండా, సెప్టెంబరులోనే పశుసంవర్ధక శాఖ ఊరూరా మేత నిల్వల లెక్క తీయాలి. బోరులో కొద్దిపాటి నీరున్న రైతులకు మేత జొన్న విత్తనాలు అప్పుడే ఇవ్వాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో యంత్రాలతో కోసిన చోట పొలంలోనే తగలబెడుతున్న వరిగడ్డిని కట్టలు కట్టించి, పశువులు ఇంకా దొడ్డిలో ఉండగానే, డిసెంబరు లోపు ఇక్కడికి చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా