సముద్రతీరం పేరుతో మీరు చేసిన డిస్‌ప్లే గురించి ఫిర్యాదు

డిజైన్ విభాగం మేనేజర్ గారికి,

మా బట్టల షాపులో మీ సంస్థ చేసిన సముద్రతీరం డిస్‌ప్లే గురించి రాస్తున్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ చూస్తామండీ అంటున్నారు, చూడటానికి మాత్రం ఎవరూ రావడం లేదు. అందుకే ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా పంపుతున్నాను.

మేం అడిగింది ఒక్కటే. లోపలికి అడుగుపెట్టిన మనిషికి ఒడ్డున నిలబడ్డప్పటి విశాలత తెలియాలి, చూపు మెల్లగా లోపలికి సాగుతూ బట్టల మీద ఆగాలి. మీ 3డీ డ్రాయింగ్‌లో అది కనిపించింది కాబట్టే ఒప్పుకున్నాం. కట్టి వెళ్లాక చూస్తే ఇసుక ఉంది, గవ్వలున్నాయి, వల ఉంది, పడవ ముక్క ఉంది, ఒడ్డు మాత్రం ఎక్కడా లేదు. ఇసుక ఒడ్డుకు సాధారణంగా ఒక వరస ఉంటుంది కదండీ. నీటి అంచున చదునుగా, తడిసి ముదురు రంగులో ఉన్న ఇసుక, కొంచెం పైకొస్తే పొడి ఇసుక, ఆ తర్వాత తిన్నె, దాని వెనక పొదలు, చెట్లు. ఎత్తుగా ఉండేవన్నీ వెనక్కి ఉంటాయి గనకే కళ్లకు ఏదీ అడ్డం రాదు. మీరేమో అన్నిటికన్నా ఎత్తైన దుంగల ర్యాక్‌ని తెచ్చి గుమ్మానికి ఎదురుగా నిలబెట్టారు, దాని వెనకున్న లినెన్ చొక్కాలు ఉన్నట్టే ఎవరికీ తెలియడం లేదు. పైగా ఆ దుంగకీ గోడకీ మధ్య దారి ఎంత ఇరుకంటే వీల్‌ఛైర్‌లో వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి వెళ్లిపోవాల్సి వచ్చింది. వీల్‌ఛైర్ ఇబ్బంది లేకుండా పోవాలంటే 90 సెంటీమీటర్లయినా వదలాలని డిజైన్ చేసేవాళ్లకు నేను చెప్పాలా?

ఇక ఆ ఇసుక తిన్నె. గాలి కట్టే తిన్నెకు గాలి వచ్చే వైపు వాలు చాలా తక్కువ, అవతలి వైపు మాత్రమే నిటారుగా ఉంటుంది, అక్కడ కూడా పొడి ఇసుక సుమారు 34 డిగ్రీలు దాటి నిలవదు, దాటితే జారిపోతుంది. మీరు ప్లైవుడ్‌తో రెండు వైపులా ఒకేలా నిటారుగా గుట్ట చేసి, దాని మీద వదులుగా ఇసుక పోశారు. అది రోజంతా జారుతూనే ఉంది. నున్నటి టైల్స్ మీద పరుచుకున్న ఇసుక మీద కాలు పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, పెద్దవాళ్లు షాపులోకి వస్తే మాకు టెన్షన్ పట్టుకుంటోంది. జిగురుతో పట్టించిన ఇసుక పొర ఒకటి వేసి, వాలు తగ్గించి, ఆ మెత్తటి వాలు మీదే మడతపెట్టిన బట్టలు వరసగా పేర్చే వీలు ఇచ్చి ఉంటే ఎంత అందంగా ఉండేదో! తిన్నె ఆకారంలో ఉన్న గొప్పదనమే అది, దాన్నే మీరు వదిలేశారు.

ఆ ఇసుకను కడగకుండా తెచ్చారని నాకు గట్టి అనుమానం. కారణం, తిన్నెలో దిగేసిన ఇనుప స్టాండ్ల కాళ్లు. ఇసుక తగిలే చోట చుట్టూ చేతి గాజులా తుప్పు పట్టింది, దాని పైన పెయింట్ బాగానే ఉంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను లాగుతుంది, ఆ తడి చాలు ఇనుము తినేయడానికి. ఆ స్టాండ్‌కు వేలాడే తెల్ల చొక్కాల అంచులకు గోధుమరంగు మరకలు పడ్డాయి, ఉతికినా పోవడం లేదు. మూడో ఫొటోలో మరక దగ్గరగా తీశాను, చూడండి.

లైటింగ్ దగ్గరికి వస్తే, సముద్రం అనగానే అంతా నీలం చేసేశారు. నీరు ముందుగా ఎరుపు వెలుతురును పీల్చుకుంటుంది, లోతుకు పోయేకొద్దీ మిగిలేది నీలమే. అంటే మీ నీలం లైట్లు చూపించేది నీళ్ల అడుగును. ఒడ్డు మీద వెలుతురు పైనుంచీ పడుతుంది, ఇసుక మీంచీ నీటి మీంచీ కూడా తిరిగి వస్తుంది, అందుకే అక్కడ రంగులన్నీ విప్పారినట్టు ఉంటాయి. మా షాపులో ఎర్ర దుపట్టా నల్లగా కనిపిస్తోంది, మామిడి పసుపు బురదరంగులోకి మారుతోంది. జనం బట్ట పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఎండలో రంగు చూసుకుంటున్నారు. బట్టల షాపుకి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

వెనక గోడ మీద సముద్రం, ఆకాశం కలిసే గీతను ఏడడుగుల ఎత్తున గీశారు. నిజమైన ఒడ్డున మనిషి ఎక్కడ నిలబడ్డా, కూర్చున్నా, ఆ గీత అతని కంటి ఎత్తులోనే కనిపిస్తుంది. దాన్ని తల మీదకు ఎత్తేస్తే చూసేవాళ్లకు తాము నీళ్లలోకి దిగిపోయినట్టు ఉంటుంది. మీ పెయింటర్ పనితనం నిజంగా బాగుంది, ఆ అలల నురుగు గీసిన చేతిని మెచ్చుకోవాలి. గీత ఎత్తు చెప్పినవాళ్లదే తప్పు.

ఇవన్నీ ఒక ఎత్తు, షోకేస్‌లో పెట్టిన పగడాలు ఒక ఎత్తు. డ్రాయింగ్‌లో రెజిన్‌తో చేసిన నకళ్లు అని రాసి ఉంది. విరిగిన చోట చూస్తే లోపల సన్నటి రంధ్రాల వరసలు కనిపిస్తున్నాయి, అవి అసలైనవే అనిపిస్తోంది. గుండ్రటి రాతి పగడాల్లో చాలా రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. మా షోకేస్‌లో ఉన్నంత ముద్ద తయారు కావడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో ఆలోచించండి. రాతి పగడాలు సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. అవి ఎక్కడివి, ఎవరి దగ్గర కొన్నారు, కాగితాలు ఏవి, ఇవి నాకు రాతపూర్వకంగా కావాలి. తీరం మీద ఇష్టంతో అడిగిన డిస్‌ప్లే కోసం సముద్రంలోంచి పగడం పీకారంటే నేను భరించలేను.

నాకు డబ్బు వెనక్కి వద్దు, పని సరిగ్గా కావాలి. వదులు ఇసుక మొత్తం తీసేయండి, తుప్పు పట్టిన స్టాండ్ల బదులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి పెట్టండి, దుంగల ర్యాక్‌ని వెనక గోడకు జరిపి దారి వెడల్పు చేయండి. బట్టల మీద పడే లైట్ల వెలుతురు రంగు 3500 నుంచి 4000 కెల్విన్ (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90కి తగ్గకుండా ఉండాలి. నీలం కావాలంటే వెనక గోడ వరకే ఉంచుకోండి. గోడ మీది గీతను ఐదడుగులకు దించండి. మరకలు పడ్డ సరుకు జాబితా దీనితో పంపుతున్నాను, దాని ఖరీదు ఫైనల్ బిల్లులో తగ్గించాలి.

పదిహేను రోజుల్లోపు మీ సైట్ ఇంజినీరునీ డిజైన్ చేసినవాళ్లనీ కలిపి పంపండి, ఒక్కరినే పంపితే వచ్చినవాళ్లు తప్పును రెండోవాళ్ల మీదకు నెట్టేస్తారు. పగడాల కాగితాలు మాత్రం అంతకన్నా ముందే రావాలి, అవి అందేదాకా మిగిలిన బిల్లు చెల్లించను.

ఇట్లు,
షాపు యజమాని