పోయినేడు పాలిష్ చేసిన బోట్ల సంగతి, ఈ ఏడు మా షెడ్డు పద్ధతి

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. కొత్తపట్నం రోడ్డులో ఫైబర్ బోట్ల షెడ్డు నడుపుతున్నవాణ్ణి, నేనే రాస్తున్నా. ఏప్రిల్ 15 దగ్గరపడింది. మళ్లీ 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డుకు వస్తాయి. అవి షెడ్డుకు రాకముందే ఒక సంగతి చెప్పాలి.

పోయినేడు మా దగ్గర పాలిష్ చేయించుకున్న బోట్లలో ఐదు దసరాకల్లా వెలిసిపోయాయి. పాకల నుంచి వచ్చిన ఒకాయన తన బోటు పక్కన అరచేత్తో రాసి నాకు చూపించాడు. బడిలో బోర్డు తుడిచిన గుడ్డలాగా చెయ్యంతా సుద్దపొడి, అందులో కొంచెం నీలం. "ఏందన్నా, నాలుగు నెలలకే ముసలిదైపోయిందే" అన్నాడు. ఎండ మీద, ఉప్పుగాలి మీద నెట్టేసి పంపించాను. అందులో సగమే నిజం. మిగతా సగం మా తప్పు.

జూన్ మొదటి వారంలో అందరూ ఒక్కసారే వచ్చారు. మొహమాటానికి పోయి ఒప్పుకున్నానని చెప్పుకోవచ్చు గానీ, డబ్బుకు ఆశపడ్డాను. పది రోజుల్లో 14 బోట్లు పట్టాం. రోళ్లు పగిలే రోహిణి ఎండలో మిట్టమధ్యాహ్నం కూడా పాలిష్ మిషన్ ఆడించాం. కాలిపోతున్న బోటు మీద కాంపౌండ్, అంటే రుద్ది మెరుపు తెచ్చే ముద్ద, వేస్తే రుద్దేలోపే ఎండి పెచ్చు కడుతుంది. దాని కింద సుద్ద పోలేదు. దాని మీదే వ్యాక్స్ పూశాం. ఆ రోజుకు అద్దంలా కనిపించింది, మీరూ మురిసిపోయారు. వ్యాక్స్ పోగానే కింద సుద్ద బయటపడింది.

ఫైబర్ బోటుకు పైన మెరిసేది రంగు కాదు, జెల్‌కోటు అనే రెసిన్ పూత. మందం సుమారు అర మిల్లీమీటరు. ఎండకు దాని పైపొర చచ్చి సుద్ద అవుతుంది. తెల్ల బోట్లలో అంతగా తెలియదు, నీలం, ఎరుపు బోట్లలో ఇట్టే బయటపడుతుంది. ఆ చచ్చిన పొరను తీస్తేనే మెరుపు వస్తుంది. బాగా ముదిరితే నీళ్లు పోస్తూ 800, 1000, 1500 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు) వరసగా పట్టి, తర్వాత కాంపౌండ్, చివర్లో వ్యాక్స్. అయితే రుద్దిన ప్రతిసారీ ఆ అర మిల్లీమీటరులోనే కొంత పోతుంది. అందుకే ఏటా పేపర్ పట్టమని అడగొద్దు. సుద్ద తక్కువగా ఉంటే కాంపౌండ్ చాలు. అరిగి ఫైబర్ పోగులు కనిపిస్తున్న బోటుకైతే పాలిష్ చెయ్యను. దానికి జెల్‌కోటు మళ్లీ వెయ్యాల్సిందే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. బోల్టుల కింద కారిన తుప్పు మరకలకు మా కుర్రాడు బాత్‌రూం యాసిడ్ కొట్టాడు. మరక పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది, బోల్టులకు తుప్పు ఇంకా పెరిగింది. వాణ్ణి అనేదేముంది, చెప్పాల్సింది నేను చెప్పలేదు. ఇప్పుడు ఆక్జాలిక్ యాసిడ్ పలచగా కలిపి, చేతికి తొడుగులు వేసుకుని రాసి, కొద్ది నిమిషాలకే నీళ్లతో కడిగేస్తున్నాం.

పూజకు పెట్టిన పసుపు మరకలు తియ్యమని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. పసుపు జోలికి పోకండి, నాలుగు ఎండలు తగిలితే అదే పోతుంది. కుంకుమకు సబ్బునీళ్లు చాలు.

ఈ ఏడు ఉదయం 5 నుంచి 9 దాకా, మళ్లీ ఎండ తగ్గాకే మిషన్ పడతాం. తాటాకు పందిరి వేయించాను. అరచేతికి పొడి అంటనంతవరకు వ్యాక్స్ డబ్బా మూత తియ్యం, కావాలంటే మీరే రాసి చూసుకోండి. ఒక బోటుకు రెండు రోజులు పడుతుంది, కూలీ 2,000 పెరిగింది. జూన్ 5 తర్వాత కొత్త బోటు తీసుకోను, బతిమాలొద్దు.

మీ వైపు నుంచి ఒక్కటే అడుగుతున్నా. వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడగండి. గిన్నెలు తోమే సబ్బు వాడితే వ్యాక్స్ పోతుంది, అది వద్దు. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, గాలి ఆడేలా కప్పండి. ఇసుకలో ఈడ్చే బోట్లకు మెరుపు కంటే అడుగు ముఖ్యం. అక్కడ జెల్‌కోటు అరిగితే నీళ్లు ఫైబర్‌లోకి దిగుతాయి, బోటు బరువెక్కుతుంది. చేతిలో డబ్బు తక్కువుంటే పాలిష్ మానేసి ముందు అడుగున ఫైబర్ మ్యాట్ (గాజుపోగుల పొర) వేయించుకోండి. నాకు కూలీ తగ్గినా సరే.

ఆ ఐదు బోట్ల వాళ్లు ఏప్రిల్ 20 లోపల తీసుకురండి. పైసా తీసుకోకుండా మళ్లీ చేస్తాను. ఇంజన్, వలలు దింపి తెండి. పాకల అన్నా, మొదటి బోటు నీదే.