తిరుపతి నుంచి ఆగస్టు 15 కబుర్లు

తిరుపతి,
17 ఆగస్టు 2025.

ఒరే సుబ్బూ,

బాగుండావా? జులై 4న న్యూయార్క్‌లో బ్రూక్లిన్ బ్రిడ్జి కాడ కాల్చిన బాణాసంచా వీడియో ఇంట్లో అందరికీ చూపించినా. ఏటి మీద ఆ వెలుగులకి పిల్లోళ్ళు నోళ్ళు తెరుచుకోని చూసినారు. మన పండగ ఎట్లా జరిగిందో రాయమంటివి కదా, తీరిగ్గా కూర్చోని రాస్తా ఉండా.

ఈసారి 15 శుక్రవారం పడింది. మర్నాడు కృష్ణాష్టమి, ఆపైన ఆదివారం. వరసగా మూడు సెలవులొస్తే మన ఊరి సంగతి నీకు చెప్పాల్నా! గురువారం రాత్రి నుంచే మద్రాసు బండ్లు, బెంగుళూరు బండ్లు. అలిపిరి కాడ కార్లు బారులు తీరినాయి. ఊర్లో వాళ్ళం ఇట్లాంటప్పుడు కొండకి పోము కదా. వచ్చినోళ్ళకి చోటిచ్చి ఇంట్లోనే దండం పెట్టుకుంటాం.

పొద్దున్నే చిన్నోడిని బడికి తోడుకోని పోయినా. గేటు బయట రోడ్డంతా తమిళం వాళ్ళు, గుండ్లు కొట్టించుకోని చందనం పూసుకోని బస్టాండుకి పోతా ఉండారు. లోపల జెండా ఎగరేసి జనగణమన ఎత్తుకున్నారు. అంతే, రోడ్డు మీద ఎక్కడోళ్ళు అక్కడే మూటలు కిందపెట్టి నిలబడిపోయినారు. ఒక అవ్వ మనవడి భుజం పట్టుకోని నిలబడింది. ఇడ్లీబండి ఆయన గరిటె పక్కన పెట్టేసినాడు. 52 సెకండ్లే కదరా, నాకు గొంతు పట్టేసింది. ఎక్కడైనా జనాన్ని ఒకచోటికి చేర్చాలంటే ఎన్ని ఏర్పాట్లు కావాల! మన ఊరికి దేశమంతా తనంతట తానే వస్తాది. ఈ పండగ చూస్తే తిరుపతిలోనే చూడాల.

ఆ పాట వింటే నాకు మదనపల్లి గుర్తుకొస్తాది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసినాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దగ్గరుండి స్వరాలు కట్టింది. మనం చదువుకునేటప్పుడు మదనపల్లి మన చిత్తూరు జిల్లానే కదా, అయినా ఒక్క అయ్యవారూ మనకీ సంగతి చెప్పలేదు. అందుకే చిన్నోడి ఉపన్యాసంలో అదే రాసిచ్చినా. వాడు తడబడకుండా చెప్తే అందరూ చప్పట్లు కొట్టినారు.

పోలీసు పరేడ్ మైదానంలో కవాతు కూడా చూసొచ్చినాం. 2022లో తిరుపతి జిల్లా అయినప్పటి నుంచి దీనికోసం చిత్తూరు పోయే పని తప్పింది. ఇంటికొస్తే శ్రావణ శుక్రవారం కాబట్టి అమ్మ వడలు, పాయసం చేసి పెట్టుండాది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. శనివారం మీ అమ్మ వచ్చింది, చిత్తూరు నుంచి ఒక్కతే! 15వ తేదీ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం చేసినారు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిచ్చినాడంట. ఆ కాగితం కొంగున ముడేసుకోని వచ్చి మా అమ్మకి చూపించి ఎంత సంబరపడిందో! ఇన్నాళ్ళూ ఛార్జీలు లెక్కేసుకోని ఆగిపోయిన మనిషి, ఇంక నెలకోసారి వస్తానంటా ఉండాది. సంక్రాంతికి వస్తావా లేదా అని నన్ను అడిగింది. నేను చెప్పలేదు, ఆమెకే ఫోన్ చేసి చెప్పు. రాత్రి తొమ్మిదయినా మేలుకోనే ఉంటాదంట.

నీ
శీనుగాడు