కార్కసొన్ కోట ‘చెక్కుచెదరలేదు’ అనకండి

సంపాదకులకు,

దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసొన్ కోట గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి. కానీ ‘మధ్యయుగం నుంచి చెక్కుచెదరకుండా నిలిచింది’ అని రాశారు చూడండి, అది మాత్రం నిజం కాదు. నేను తులూజ్‌లో ఉంటాను, ఇంటికి చుట్టాలెవరొచ్చినా మొదట అక్కడికే తీసుకెళ్తాను కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నా.

1659లో స్పెయిన్‌తో సంధి కుదిరి సరిహద్దు పిరెనీస్ పర్వతాల దాకా వెళ్లిపోయాక ఈ కోటతో సైన్యానికి పెద్దగా పని లేకపోయింది. గోడల రాళ్లు ఊడబెరుక్కుని పట్టుకుపోయారు, రెండు ప్రాకారాల మధ్య ఖాళీలో పేద నేతపనివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, చివరికి 19వ శతాబ్దం మధ్యలో ప్రభుత్వమే కూల్చేద్దామనుకుంటే క్రో-మేర్వియెయ్ అనే స్థానిక చరిత్రకారుడూ మరికొందరూ గట్టిగా అడ్డుపడి ఆపించారు. 1853 నుంచి వియొలె-ల్-ద్యూక్ అనే ఆర్కిటెక్ట్ దాన్ని బాగుచేయించాడు, ఆయన పోయాక కూడా పని చాలా ఏళ్లు సాగింది. మీరు మొదటి పేజీలో వేసిన ఆ కోసు టోపీల్లాంటి నల్లరాతి పలకల పైకప్పులు ఆయన పెట్టించినవే. అవి ఉత్తర ఫ్రాన్స్ పద్ధతి, ఇక్కడివాళ్లు వాడేది పెంకు అని అప్పటి నుంచీ తిడుతూనే ఉన్నారు. నాకైతే అవి లేకపోతే కోట బోసిగా ఉండేదేమో అనిపిస్తుంది, అది వేరే సంగతి! 1997లో యునెస్కో గుర్తింపు ఇచ్చినప్పుడు ఆ మరమ్మతును కూడా ఒక గొప్పగానే లెక్కలోకి తీసుకుంది.

ఇంకొకటి. ముట్టడిలో తిండికి లోటు లేదని శత్రువుని నమ్మించడానికి పందికి గోధుమలు మేపి కోట మీంచి విసిరిన దామ్ కార్కాస్ అనే రాణి కథకి సగం కాలమ్ ఇచ్చారు. పిల్లలకి సరదాగా ఉంటుంది, కాదనను. కానీ 1209 ముట్టడి గురించి ఒక్క ముక్కా లేదు. చర్చి మతద్రోహులుగా ముద్రవేసిన కాథార్లనే క్రైస్తవ వర్గం మీద పోప్ ప్రకటించిన యుద్ధంలో, దగ్గర్లోని బెజియే పట్టణంలో జనాన్ని ఊచకోత కోసి అదే సైన్యం ఇక్కడికొచ్చింది, ఆగస్టు ఎండల్లో లోపల నీళ్లు అడుగంటాయి, ఇరవై నాలుగేళ్ల ప్రభువు రేమోఁ-రోజె ట్రాంకవెల్ లొంగిపోయి కొన్ని నెలలకే బందీగా చనిపోయాడు. అది చదివి వెళ్తే ఆ గోడలు వేరేలా కనిపిస్తాయి.

వెళ్లేవాళ్లకి: కోటగోడల లోపలున్న ఊళ్లోకి టికెట్ లేదు, లోపలున్న ప్రభువుల కోటకీ దాన్నుంచి ఎక్కే బురుజులకే టికెట్. మధ్యాహ్నం వీధులు సూవనీర్ షాపుల జనంతో కిక్కిరిసి ఉంటాయి, కుదిరితే రాత్రి అక్కడే ఉండండి. పెద్దవాళ్లతో వెళ్తే మెత్తటి చెప్పులు వేయించండి, నేలంతా గుండ్రాళ్లే. శాకాహారులు కసులే అనే అక్కడి వంటకం అడక్కండి, పైకి బీన్స్ కూరలా కనిపించినా అందులో బాతు మాంసం, సాసేజ్ ఉంటాయి.

— ఒక పాఠకుడు, తులూజ్