మన ఫిలిం సొసైటీ వార్షిక నివేదిక (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, నరసాపురం, పాలకొల్లు, అవతలి ఒడ్డు సఖినేటిపల్లి నుంచి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శి ఏటా సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది. పోయిన ఏడాది నేను చదువుతుంటే టిఫిన్లు చల్లారిపోయాయని కొందరు నొచ్చుకున్నారు. ఈసారి టిఫిన్లు ముందే పెట్టించాను. కాబట్టి నాకు తొందర లేదు.

పోయిన సమావేశంలో ఒక సభ్యుడు లేచి ఒక ప్రశ్న వేశారు. మాటలు రచయిత రాస్తాడు, నటులు నటిస్తారు, ఫొటో కెమెరామన్ తీస్తాడు, మరి దర్శకుడు చేసేదేమిటి అని. నవ్వులాటకు అడిగినా మంచి ప్రశ్న. ఏడాది కార్యక్రమమంతా దాని చుట్టూనే వేసుకున్నాం. అడిగిన వారు మాత్రం ఒక్క ప్రదర్శనకూ రాలేదు. ఈ రోజు వచ్చారు, సంతోషం.

పన్నెండు ప్రదర్శనలు అనుకుని తొమ్మిది జరిపాం. జులైలో గోదావరి పోటెత్తి, రేవు దాటించే పంటు ఆగిపోయింది. అవతలి ఒడ్డు వారు లేకుండా జరపడం ఇష్టం లేక మానుకున్నాం. ఇంకో నెల హక్కుదారులకు అనుమతి కోసం రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. మూడోది ఎందుకు ఆగిందో కింద చెబుతాను.

మే 4న దాసరి నారాయణరావు గారి జయంతితో మొదలుపెట్టాం. తెలుగు దర్శకులు ఆ రోజును దర్శకుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆయన పుట్టిన పాలకొల్లు మనకు పక్కనే. కోడి రామకృష్ణ గారిదీ, రేలంగి నరసింహారావు గారిదీ అదే ఊరు. ఒక్క ఊరి నుంచి ఇంతమంది దర్శకులు ఎలా వచ్చారన్నది ప్రతి సభలోనూ తేలని చర్చ. మా కోశాధికారి కాలువ నీళ్ల మహిమ అంటారు. నేను ఒప్పుకోను, ఆ నీళ్లు మేమూ తాగాం. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తున్నది ఒక పెద్దాయన చెప్పిన మాట. ఆయన కుర్రతనంలో గోడల మీద పోస్టర్లు అంటించేవారట. హీరో మొహం కంటే ముందు మేఘం బొమ్మలో రాసిన దాసరి పేరు చిరగకుండా చూసుకోమని థియేటరు వారు చెప్పేవారట. దర్శకుడి పేరు చూసి టికెట్టు కొనే అలవాటు మన జనానికి ఆ మేఘమే చేసింది.

జూన్‌లో ‘మాయాబజార్’. 1957 నాటి చిత్రాన్ని అందరూ చూసేశారు కదా, ఎవరు వస్తారు అనుకున్నాను. హాలు నిండింది. దర్శకుడు కె.వి. రెడ్డి గారు రిహార్సల్ సమయంలోనే స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో తేల్చుకునేవారు. సినిమా నిడివి కాగితం మీదే ఖాయమయ్యేది. విశ్రాంత లెక్కల మాస్టారు, మన ఉపాధ్యక్షులు, ఈ సంగతి విని ఎంత పొంగిపోయారంటే, ఆ తరువాత రెండు నెలలు మన వక్తలందరి ఎదుట వాచీ పెట్టుకుని కూర్చున్నారు. నేను దీన్ని హర్షించలేదు.

‘పథేర్ పాంచాలి’కి ముప్ఫై మంది వచ్చారు. దాని దర్శకుడు సత్యజిత్ రాయ్ అప్పట్లో ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. 1947లో మిత్రులతో కలిసి కలకత్తాలో ఫిలిం సొసైటీ పెట్టారు, అంటే మన పూర్వీకులే. సినిమా తీయడానికి డబ్బు చాలక పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాన్ని అడిగితే, ఆ సొమ్ము రోడ్ల పద్దు కింద వచ్చిందని అంటారు. మన రోడ్లు చూస్తే ఇక్కడ కూడా ఎవరో రహస్యంగా సినిమా తీస్తున్నారేమో అనిపిస్తుంది. కెమెరా పట్టిన సుబ్రత మిత్రకు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. అంతకుముందు సినిమా కెమెరా పట్టి ఎరగరు. ‘వయసు చాలదు, పరికరాలు లేవు’ అనే మన కళాశాల పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాం.

జపాన్ దర్శకుడు కురొసావా ‘రషోమన్’కు పందొమ్మిది మంది. వారిలో నలుగురు వాన తగ్గేదాకా నిలబడడానికి వచ్చినవారు, చివరిదాకా కూర్చుండిపోయారు. అడవిలో జరిగిన ఒకే ఘటనను నలుగురు నాలుగు రకాలుగా చెప్పే ఆ 1950 నాటి చిత్రమే డిసెంబరు కార్యక్రమానికి మూలమైంది.

ఇక ఆ డిసెంబరు సంగతి. ఈ ఏడాది మనం చేసిన పని ఇదే అని చెప్పుకోదగినది ఇదొక్కటే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డిసెంబరు 15 బాపు గారి జయంతి. 1933లో ఈ నరసాపురంలోనే పుట్టారు. ఆదివారం కలిసి రావడంతో శనివారం కూడా కలిపి రెండు రోజులు చేద్దామనుకున్నాం. మొదటి రోజు విద్యార్థులను నాలుగు జట్లుగా విడదీసి అన్నిటికీ ఒకే కాగితం ఇచ్చాం. కాగితం మీద ఉన్నది ఇంతే. సాయంత్రం, పంటు రేవు. సంచీతో ఒక ముసలాయన వస్తాడు. జామకాయలు అమ్మే అమ్మాయి ‘ఎక్కడికి తాతా?’ అంటుంది. ఆయన ‘మా అమ్మాయి దగ్గరికి’ అంటాడు. అమ్మాయి ‘పంటు వెళ్లిపోయింది’ అంటుంది. మూడు మాటలు. మాట మార్చకూడదు, కలపకూడదు. నటులు కూడా నాలుగు జట్లకూ వాళ్లే. రేవు దగ్గర టీ కొట్టు పెద్దాయన, ఇంటర్ చదివే ఒక అమ్మాయి. కెమెరా ఎవరి ఫోను వారిదే.

మొదటి జట్టు మొహాల మీదే ఉంది. పెద్దాయన కళ్లు, అమ్మాయి కళ్లు, మళ్లీ పెద్దాయన కళ్లు. రెండో జట్టు ఫోనును గట్టు మీద ఎక్కడో దూరంగా పెట్టి కదపలేదు. మనుషులు చీమలంత, నది తెర నిండా, పంటు ఇంజను చప్పుడు క్రమంగా సన్నగిల్లుతూ. మూడు మాటలూ గాలిలో తేలి వస్తాయి. మూడో జట్టు పెద్దాయన మొహమే చూపించలేదు. సంచీ పట్టుకున్న చేయి మాత్రమే. ‘పంటు వెళ్లిపోయింది’ అనగానే ఆ చేయి సంచీని కింద పెట్టదు, రెండో చేతికి మార్చుకుంటుంది. అంతే.

నాలుగో జట్టుకు కష్టం వచ్చింది. పౌర్ణమి రోజులు, సముద్రం దగ్గర, మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెట్టారు. సాయంత్రం అయ్యేసరికి పోటు నీరు రెండు మెట్లు ఎక్కింది. ముందు తీసిన ముక్కలో పెద్దాయన నిలబడిన మెట్టు తరువాతి ముక్కలో నీళ్లలో ఉంది. అతుకు కుదరదు. ఎండ పోయింది, మళ్లీ తీసే వీలు లేదు. జట్టులో ఇద్దరు ఒకరినొకరు తిట్టుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలిన అమ్మాయి రాత్రంతా కూర్చుని ముక్కల వరుస మార్చింది. మొదట పొడి మెట్టు, దాని మీద పెద్దాయన చెప్పులు. ‘పంటు వెళ్లిపోయింది’. తరువాత చాలాసేపు మాట లేదు. మళ్లీ అదే మెట్టు, మీద నీళ్లు, పెద్దాయన పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఎంతసేపు ఎదురుచూశాడో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆదివారం ఉదయం నాలుగూ వరుసగా వేశాం. మొదటిదానికి జనం జాలిపడ్డారు, రెండోదానికి గుసగుసలాడారు, మూడోదానికి ఒకరిద్దరు నవ్వారు, నాలుగోదానికి కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. కాగితం ఒకటే, నటులు వాళ్లే, రేవు అదే. పోయిన ఏడాది ప్రశ్నకు ఇంతకంటే నేను చెప్పగల జవాబు లేదు. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయవద్దని వాళ్ల నాన్నగారు కోరారు. వచ్చే నెల పరీక్షలట.

ఆ సాయంత్రం మైదానంలో ‘సాక్షి’ వేశాం. 1967లో వచ్చిన బాపు గారి తొలి చిత్రం. ముళ్లపూడి వెంకట రమణ గారి రచన. స్టూడియోల్లో సెట్లు వేసుకునే రోజుల్లో కోనసీమలోని పులిదిండికి వెళ్లి, ఆ ఊళ్లోనే తీశారు. రేవు దాటించే అమాయకుడు హత్యను చూసి సాక్ష్యం చెబుతాడు. భుజం తట్టిన ఊరే, హంతకుడు తిరిగి వస్తున్నాడనగానే తలుపులు వేసుకుంటుంది. హాలీవుడ్ ‘హై నూన్’ ఛాయలు ఉన్నాయని అందరూ అంటారు. ఉండనివ్వండి. ఆ మూసిన తలుపులు మాత్రం మన గోదావరి ఊళ్లవే. బాపు గారు షాట్లను ముందే బొమ్మలుగా వేసుకునేవారు. రాయ్ గారిదీ అదే పద్ధతి. ఇద్దరూ కుంచె పట్టిన చేత్తోనే కెమెరా దగ్గరికి వచ్చారు. అందుకే ఏ దృశ్యంలో ఎంత జాగా ఖాళీగా వదలాలో వారికి తెలుసు.

ఆ రాత్రి ఒక ఇబ్బంది ఎదురైంది. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ ‘మాయాబజార్’లో లేని వెన్నెల పుట్టిస్తే, మనకు నిజం వెన్నెలే వచ్చి తెరను వెలవెలబోయేలా చేసింది. తిథి చూడకుండా తేదీ ఖాయం చేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. షామియానా వారు అడగకుండానే ఇంకో పట్టా తెచ్చి తెర పైన చూరులా కట్టారు. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

కుర్చీలు వేయడానికి పేర్లు ఇచ్చిన వాలంటీర్లు ఇరవై రెండు మంది, వచ్చినవారు అయిదుగురు. మిగతా పదిహేడు మందికి మధ్యాహ్నం నుంచి ఫోన్లు చేశాను. తెర మీద ఊరి తలుపులు మూసుకుంటున్నప్పుడు నాకు కథలో కొత్తదనం ఏమీ కనిపించలేదు.

డిసెంబరు 23న శ్యామ్ బెనెగల్ గారు కన్నుమూశారు. సికింద్రాబాద్ ప్రాంతంలో పుట్టిన మనిషి. తెలుగులో ‘అనుగ్రహం’ తీశారు. జనవరిలో సంతాప సభ జరిపి ఆయన ‘మంథన్’ గురించి మాట్లాడుకున్నాం. 1976లో వచ్చిన ఆ చిత్రానికి గుజరాత్ పాల రైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. చందా బకాయి ఉన్న సభ్యులు ఈ వాక్యాన్ని మరోసారి చదువుకోగలరు.

ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’. 1980లో అదే తేదీన విడుదలైంది. 2023లో అదే తేదీన దాని దర్శకుడు విశ్వనాథ్ గారు వెళ్లిపోయారు. ఆయన వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణం నుంచి వచ్చారు, తరువాత రాజమహేంద్రవరంలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర పనిచేశారు. ఆదుర్తి గారు ఎడిటింగ్ నుంచి వచ్చినవారు. ఎవరు ఏ గుమ్మం గుండా వచ్చారో వారి సినిమాలో తెలుస్తుందని మన సంగీతం టీచరు గారు చక్కగా వివరించారు. విశ్వనాథ్ గారి సన్నివేశంలో నిశ్శబ్దం ఎక్కడ ఉందో వెతకమని, ముందు కళ్లు మూసుకుని వినిపించి, తరువాత చూపించారు. శంకరశాస్త్రిగా నటించిన జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి. ఆ సంగతి నేను ఒక కార్యాలయంలో చెప్పాను కూడా. ఇంకో నెల ప్రదర్శనకు మనకు ఖాయం చేసిన హాలును రెండు గంటల ముందు వేరే సమావేశానికి ఇచ్చేసి, తాళం ఎవరి దగ్గర ఉందో చెప్పని కార్యాలయం అది. అలా ఆగిపోయిందే మూడో ప్రదర్శన. మూడు అర్జీలు ఇచ్చాం. మూడింటికీ రసీదు ఇచ్చారు, రసీదులు భద్రంగా ఉన్నాయి.

వంశీ గారి ‘సితార’తో మార్చి ముగించాం. దానికి కూర్పు చేసిన అనిల్ మల్నాడ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. ఈ ప్రదర్శనకు నేను ఊళ్లో లేను కాబట్టి ఇంతకంటే రాయలేను. బాగా జరిగిందని విన్నాను.

లెక్కలు. ఆడిటరు సంతకం చేసిన పట్టిక చివరి పేజీలో ఉంది. లోటు ఉంది, పెద్దది కాదు. కోశాధికారి సొంత డబ్బు పెట్టి సర్దారు, దాన్ని తిరిగి ఇవ్వాలి. జనరేటరు అద్దె ఎందుకు అంత అయిందని అడగబోయేవారు డిసెంబరు 15 రాత్రి కరెంటు ఎన్నిసార్లు పోయిందో గుర్తు చేసుకోవాలి.

కృతజ్ఞతలు చెప్పవలసినవారు చాలామంది. ప్రొజెక్టరు ఇచ్చి అద్దె తీసుకోని కంప్యూటర్ శిక్షణ కేంద్రం వారికి, ఆ సాయంత్రమంతా కొట్టు మూసుకుని నాలుగుసార్లు పంటు తప్పించుకున్న టీ కొట్టు పెద్దాయనకు, మైకు సెట్టు వారికి, పిల్లలు దిగేదాకా రేవులో కాపలా ఉన్న పంటు సిబ్బందికి, పులిహోర వండి పంపిన మహిళా సభ్యులకు, ఆ అయిదుగురు వాలంటీర్లకు. ఎవరినైనా మరచి ఉంటే అది నా మతిమరుపే, ఉద్దేశం కాదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. చందా పెంచడం ఒకటి. సొంతంగా ఒక తెర కొనడం రెండోది. పట్టాల కింద ఎల్లకాలం గడపలేం. రెండింటి మీదా చేతులెత్తి ఓటు వేయాలి. బీరువా తాళం చెవి రెండోది గత అక్టోబరు నుంచి ఎవరి దగ్గర ఉందో వారు ఈ రోజు వెళ్లేలోపు బల్ల మీద పెట్టి వెళితే చాలు, పేరు అడగను.

ఇట్లు,
కార్యదర్శి