గేట్లు ఎత్తిన రాత్రి మీ బ్లాగులో తప్పు లెక్క, ఇప్పటికీ రాని జవాబు

మలక్‌పేట,
హైదరాబాద్.

డిజిటల్ విభాగం సంపాదకులకు,

విషయం: వానల రాత్రి మీ సిటీ బ్లాగులో వచ్చిన తప్పు సమాచారం, పాఠకుల వ్యాఖ్యల మీద మీ నిర్లక్ష్యం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

నేను మలక్‌పేటలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. 22 ఏళ్లుగా మీ పేపరు వేయించుకుంటున్నాను. పేపరు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పదకేళి గళ్లు మరీ చిన్నవైపోయాయని మా ఆవిడ అంటుంది గానీ, అది వేరే ఉత్తరం.

మీ సైటులో సిటీ విలేకరులు బ్లాగు మొదలుపెట్టినప్పుడు, మీ బస్తీ సంగతులు మీరే చెప్పండి, మేం వింటాం అని పేపర్లో సగం పేజీ ప్రకటన వేశారు. నమ్మాం. మొదట్లో బాగానే నడిచింది కూడా. ఫలానా రోజు నల్లా నీళ్లు బంద్ అని వార్త వస్తే, ఏ బస్తీకి మళ్లీ ఎప్పుడు వదులుతారో మీ విలేకరి కనుక్కుని కింద రాసేది. సైదాబాద్ నుంచి ఎవరో అడిగితే పేరు పెట్టి జవాబిచ్చేది. మా గల్లీ నీళ్ల సంగతికి పేపర్లో చోటెక్కడ దొరుకుతుంది? బ్లాగులో దొరికింది. అందుకే చదివాం. ఆ అమ్మాయి తర్వాత ఏమైందో తెలీదు, బ్లాగులో పేరు కనిపించడం మానేసింది. అప్పట్నుంచి జవాబులూ ఆగిపోయాయి.

ఇక అసలు విషయం. మా షాపులో మెషీన్ మీద పనిచేసే కుర్రాళ్లలో ఇద్దరిది చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల గేట్లు ఎత్తితే ఆ నీళ్లు లంగర్‌హౌజ్ దగ్గర కలిసి, మూసీలో పురానాపూల్, నయాపూల్ దాటి వాళ్ల ఇళ్ల పక్కకే వస్తాయి. కాబట్టి వానాకాలంలో వాళ్లకి సినిమా కబుర్ల కంటే ముందు కావాల్సింది ఏ చెరువు ఎంత నిండింది, ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్నింటికి ఎత్తారు అన్నదే. ఆ రాత్రి అందరం మీ లైవ్ బ్లాగు తెరిచి పెట్టుకున్నాం.

7:30కి మీరు రాసింది: హిమాయత్ సాగర్ నీటిమట్టం 1789 అడుగులు. అయ్యా, హిమాయత్ సాగర్ పూర్తి మట్టమే 1763.50 అడుగులు. 1790 అన్నది గండిపేటది, అంటే ఉస్మాన్ సాగర్‌ది. ఒకరి కొలతలతో ఇంకొకరికి జాకెట్టు కుట్టారన్నమాట. మా దగ్గర అలా జరిగితే బట్ట ఖరీదు కట్టిస్తారు. ఆ ఇద్దరిలో ఒక కుర్రాడికి 1790 అన్న అంకె ఎక్కడో విని గుర్తుంది. ఇంకా అడుగు ఖాళీ ఉందట అన్నా అని మెషీన్ ముందు నుంచి లేవలేదు. 9:30కి వాళ్లావిడ ఫోన్ చేసేసరికి గల్లీలోకి నీళ్లు వచ్చేశాయి. మనుషులంతా క్షేమం. బియ్యం, పిల్లల పుస్తకాలు పోయాయి.

నేను 7:50కే తప్పు చెబుతూ వ్యాఖ్య రాశాను. ‘పరిశీలనలో ఉంది’ అని చూపించింది. ఈరోజుకి 19 రోజులు, ఇంకా పరిశీలనలోనే ఉంది. అదే పేజీ కింద నిమిషాల్లో లోను ఇస్తామనే యాప్‌ల ప్రకటనలు, బెట్టింగ్ లింకులు వ్యాఖ్యల్లో వరసగా ఉన్నాయి. వాటిని పరిశీలించి వదిలిన పుణ్యాత్ముడెవరో! పేజీ పైన ‘తాజా సమాచారం’ అన్న చోట టైము మాత్రం రాత్రి 11:40 దాకా మారుతూనే ఉంది, కింద ఉన్నది 7:30 నాటి ముక్కే. పొరపాటును అర్థం చేసుకోగలను, ఇది పొరపాటు కాదు. మూడో రోజు 1789 కాస్తా చడీచప్పుడు లేకుండా 1763 అయింది. దిద్దామని ఒక్క ముక్క లేదు. ఇప్పుడు నా వ్యాఖ్యని పైకి తెచ్చినా, చూసినవాళ్లు నాకే లెక్కలు రావనుకుంటారు.

మీరిచ్చిన వాట్సాప్ నంబరుకి మూసానగర్ గల్లీ ఫోటో కూడా పంపాను. దానికి పరిశీలన అడ్డం రాలేదు, మర్నాడే పేపర్లో వచ్చింది. ఎవరు పంపారో రాయలేదు. మెయిల్ మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అనే ఒకే జవాబు వచ్చింది.

2007, 2008 ప్రాంతంలో నేనూ ఒక బ్లాగు రాశాను. తెలుగు టైపు చేసే లేఖిని సైటులో టైపు చేసుకోవడం, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి సైటులో కనిపించిందా లేదా అని చూసుకోవడం. చదివేది నలభై మందే అయినా, ఎవరైనా తప్పు పడితే పడుకునేలోగా ఒప్పుకునో, వాదించో జవాబు రాసేవాళ్లం. జీతాలు, సర్వర్లు, ఇంత ఆఫీసు ఉన్న మీకు అది కష్టమంటే ఎలా నమ్మను? హిందూ పత్రిక 2006లోనే పాఠకుల తరఫున రీడర్స్ ఎడిటర్‌ని పెట్టుకుంది, తప్పుల దిద్దుబాటు రోజూ అచ్చువేసింది. దానివల్ల ఆ పేపరు పరువేమీ పోలేదు.

ఆన్‌లైన్ వార్తా సంస్థలు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని 2021 నాటి ఐటీ నిబంధనల్లో ఉందని మా అబ్బాయి చూపించాడు. వాటిలో కొన్నిటి మీద కోర్టు స్టేలు ఉన్నాయట. ఆ గొడవ నాకెందుకు? మీ సైటు అడుగున మీరే ఒక పేజీ పెట్టి 15 రోజులు అని రాసుకున్నారు, అది చాలు.

ఆ రోజు పోస్టులో ఏ అంకె ఎప్పుడు మార్చారో తేదీతో సహా రాయండి. నా వ్యాఖ్య బయటపెట్టండి. లైవ్ బ్లాగు రాసే మనిషి ఇంటికి వెళ్లిపోతే వెళ్లిపోయారని రాయండి, మేం వేరే దారి చూసుకుంటాం. వ్యాఖ్యలు చూసి జవాబిచ్చే పని ఒక మనిషికి అప్పగించి ఆ పేరు పేజీ మీద వేయండి. ఆ పాత విలేకరి ఇంకా మీ దగ్గరే ఉంటే ఆమెకే ఇవ్వండి, మా బస్తీలు ఆమెకి తెలుసు. ఇవి కుదరవంటే వ్యాఖ్యల పెట్టె తీసేయండి.

7:30 నాటి పేజీ, 11:40 నాటి పేజీ, నా వ్యాఖ్య స్క్రీన్‌షాట్లు జతచేశాను. ఫోన్ చేసేట్టయితే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు చేయండి. శ్రావణం పెళ్లిళ్ల పని, మిగతా టైములో మెషీన్ల చప్పుడుకి ఏమీ వినపడదు.

ఇట్లు,
మలక్‌పేట టైలరు, మీ చందాదారు